చిన్న ఊళ్లో పెళ్లికి సిటీలో అయ్యేదాంట్లో సగం ఖర్చేనని చెప్పాను, ఆ మాట సరిచేసుకుంటున్నాను

మా దగ్గర పెళ్లి ఏర్పాట్లు చేయించుకున్నవాళ్ల కోసం, వచ్చే సీజన్‌కి తేదీలు ఖాయం చేసుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పోయిన నెల ఒక చిన్న ఊళ్లో మేం చేసిన పెళ్లిలో గంటా ఇరవై నిమిషాలు సగం లైట్లు వెలగలేదు. కొందరికి ఇప్పటికే తెలిసింది. మిగతావాళ్లకు నా నోటి నుంచే తెలియాలి.

మొత్తం లోడ్ లెక్కేసి, 62.5 కేవీఏ (జనరేటర్ ఎంత లోడ్ మోయగలదో చెప్పే కొలత) జనరేటర్ కావాలని అక్కడి సప్లయర్‌కి మూడు వారాల ముందే చెప్పి అడ్వాన్స్ ఇచ్చాను. పెళ్లి రోజు పొద్దున దిగింది 25 కేవీఏది. దాని మీద మహా అయితే 20 కిలోవాట్లు నడుస్తాయి, మాకు కావాల్సింది 35. అడిగితే "మధ్యాహ్నానికి పెద్దది పంపిస్తానండీ" అన్నాడు. నమ్మాను. ఆ పూటే సిటీ నుంచి ఇంకోటి బయల్దేరదీసి ఉంటే సాయంత్రానికి వచ్చేది. ఆ తప్పు నాదే. పెద్దది రానే లేదు, అతను దాన్ని ఇంకో పెళ్లికి పంపేశాడు. సాయంత్రం కరెంటు పోయింది. సౌండు, ఫ్యాన్లు, వంటగది నడవాలంటే లైట్లు ఆపక తప్పలేదు. సిటీలో అయితే నలుగురికి ఫోన్ చేసి ఎవరో ఒకరి దగ్గర తెప్పించేవాణ్ణి. అక్కడ ఆ పని చేసేది అతనొక్కడే.

లైట్లు పోయినదానికంటే ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. "వాళ్లే చిన్నది చాలన్నారు" అని అతను పెళ్లికూతురు నాన్నగారితో చెప్పాడు. 15 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. లోడ్ లెక్క రాదని ఒక పెళ్లింట్లో అనిపించుకోవడం ఇప్పటికీ మింగుడుపడటం లేదు. నేను పంపిన మెసేజ్ ఆయనకు చూపించాను. లైటింగ్ డబ్బు మొత్తం తిరిగి ఇచ్చేశాను.

ఇక చిన్న ఊళ్ల పెళ్లిళ్లు మానేద్దామని మావాళ్లంతా అన్నారు. రెండు వారాలు సరిగా నిద్ర పట్టలేదు. చివరికి పాత లెక్కలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, మీకు చెప్పిన "సగం ఖర్చు" అన్న మాటే తప్పని. హాల్ అద్దె, డెకరేషన్ కూలీ బాగా తగ్గేది నిజమే. కానీ 300 మంది అతిథుల్లో 200 మంది సిటీలో ఉంటే 40 సీట్ల బస్సులు ఐదు కావాలి. వాళ్లంతా రాత్రి ఆగితే ఇద్దరికో గది చొప్పున వంద గదులు కావాలి. అన్ని గదులు ఒక్క చోట దొరకవు. మా మనుషుల ప్రయాణం, బస అదనం. హాల్ దగ్గర మిగిలింది చాలావరకు అక్కడే పోతుంది. అదే అతిథుల్లో ఎక్కువమంది ఆ చుట్టుపక్కలే ఉంటే మాత్రం చిన్న ఊరు నిజంగానే చవక. కాబట్టి హాల్ అద్దె అడిగే ముందు, పిలవబోయేవాళ్లు ఎక్కడెక్కడ ఉంటారో రాసుకోండి. నేను కూడా ఇకమీదట మిమ్మల్ని మొదట అదే అడుగుతాను.

మానేయడం లేదు. ఒక సప్లయర్ మాట తప్పాడని నేనెందుకు వెనక్కి తగ్గాలి? ఇకనుంచి జనరేటరూ, దాన్ని నడిపే మనిషీ మాతోనే వస్తారు. ఆ రవాణా ఖర్చు కొటేషన్‌లో విడిగా కనిపిస్తుంది, అంటే రేటు కొంచెం పెరుగుతుంది. పాత రేటుకి ఒప్పుకున్న రెండు కుటుంబాలకు మాత్రం పైసా పెంచను, ఆ తేడా నేనే భరిస్తాను. సిటీకి మార్చుకుందామనుకుంటే ఈ నెలాఖరులోగా చెప్పండి, అడ్వాన్స్ పూర్తిగా అటే సర్దుతాను.

కొత్త కొటేషన్లు ఆదివారం లోపు పంపుతాను. జనరేటర్ ఎన్ని కేవీఏదో అందులో రాసి ఉంటుంది. పెళ్లి రోజు జనరేటర్ దిగాక, దాని ప్లేటు మీద ఉన్న కేవీఏ అంకెతో మీరే సరిచూసుకోండి.