‘శాడిస్టు భర్త’ అన్న శీర్షిక గురించి

సంపాదకులకు,

అయ్యా,

కట్నం కోసం భార్యను బాధపెట్టినవాడి వార్తకు ‘శాడిస్టు భర్త’ అని శీర్షిక పెట్టడం పత్రికల్లో ఆనవాయితీ అయిపోయింది. మీ జిల్లా పేజీలోనూ తరచుగా చూస్తున్నాను. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి కనుక ఈ మాట గురించి మీకు విన్నవించుకోవాలనిపించింది.

ఫ్రాన్సు దేశపు ప్రభువంశీకుడు, రచయిత మార్క్వి ద సాద్ (1740–1814) పేరు మీద పుట్టిన మాట ఇది. ఎదుటివారిని హింసించి అందులోనే సుఖం వెతుక్కునే మానసిక వికారానికి 19వ శతాబ్దం చివర క్రాఫ్ట్ ఎబింగ్ అనే మానసిక వైద్యుడు ఈ పేరును వ్యాప్తిలోకి తెచ్చాడు. అంటే శాడిస్టుకు కావలసింది ఎదుటివారి బాధ. కట్నం కోసం కొట్టేవాడికి కావలసింది డబ్బు. ఇద్దరికీ ఒకే పేరు పెడితే రెండోవాడి నేరం జబ్బుగా మారిపోతుంది.

మొన్న మా వీధిలో ఒక తల్లి వాకిట్లో కూర్చుని అలాంటి వార్తే చదివి, “ఇట్లాంటోళ్లకి పిచ్చి సార్. మా అల్లుడు అట్లాంటోడు కాదు, బండి కొనీమని పంపించినాడు, అంతే” అన్నది. ఆమె కూతురు నెలల పిల్లను ఎత్తుకొని పుట్టింటికి వచ్చి అప్పటికే రెండు నెలలైంది. మాట్లాడుతున్నంతసేపూ ఆ అమ్మాయి తలుపు వెనకాలే నిలబడి ఉంది. నాకు నోట మాట రాలేదు.

నిజానికి ఆ ‘అంతే’ అన్నదాన్నే చట్టం నేరమంటున్నది. 1983లో శిక్షాస్మృతిలో చేర్చిన 498ఎ సెక్షనులో ఉన్న ఇంగ్లీషు మాట ‘క్రుయెల్టీ’. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 85, 86 సెక్షన్లుగా ఉంది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, జరిమానా. ఆస్తి కోసమో సొమ్ము కోసమో భార్యనుగానీ ఆమె బంధువులనుగానీ ఒత్తిడి పెట్టేందుకు ఆమెను వేధించడం, ఆమె శరీర ఆరోగ్యానికే కాక మానసిక ఆరోగ్యానికి కూడా తీవ్రమైన హాని కలిగేలా కావాలని ప్రవర్తించడం ఆ మాట కిందికి వస్తాయి. తెలుగులో ‘క్రూరత్వం’ అనగానే కత్తి, నెత్తురు కళ్ల ముందు మెదులుతాయి గనుక ఆ ఒక్క మాటా దీనికి చాలదు. వాడు ఎంత అడిగాడో, ఎన్ని పూటలు అన్నం పెట్టలేదో, ఎన్నిసార్లు పుట్టింటికి తరిమాడో శీర్షికలోనే రాయండి.

ఇదే వరుసలో ‘కసాయి’, ‘కిరాతకుడు’ అన్న మాటలనూ వదిలేయమని కోరుతున్నాను. మాంసం కొట్టి బతకడం ఒక వృత్తి. ఇక కిరాతుడంటే వేటగాడు. శివుడి కంట నెత్తురు కారుతుంటే చూడలేక తన కన్ను పెకలించి పెట్టిన కన్నప్పది మన శ్రీకాళహస్తే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు,
తిరుపతి