మాట వచ్చేదాకా ఆగమ్మా

గుంటూరు,
ఆదివారం మధ్యాహ్నం.

చిన్నీ,

ఆశీస్సులు. ఇక్కడ నేనూ అమ్మా క్షేమం. నువ్వు, అల్లుడు గారు, బుడ్డోడు బాగున్నారని తలుస్తాను.

ఫోను చేతిలో ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. ఇది మొదలుపెట్టి ఇవాళ్టికి నాలుగో రోజు. రోజుకి ఒక పేజీ కూడా కావడం లేదు, వేళ్లు బిగుసుకుపోతున్నాయి. పెన్నుకి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకున్నాను, లావుగా ఉంటే పట్టు దొరుకుతుందని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. అక్కడక్కడా సిరా రంగు తేడాగా కనిపిస్తుంది చూడు. రాస్తుంటే మాట దొరక్కపోతే అక్కడ ఖాళీ వదిలేసి ముందుకు పోయాను. సాయంత్రానికో మర్నాటికో అది గుర్తుకొస్తే వచ్చి నింపాను. అమ్మని అడిగితే చెప్పేదే, నేనే అడగలేదు.

పోయిన ఆదివారం ఫోన్‌లో అన్నావు గదా, "ఇంకా ఆ మిర్చి కొట్టు ఎందుకు నాన్నా, నెలకి ఎంత కావాలో నేను పంపుతాను, హాయిగా ఇంట్లో ఉండు" అని. నేను "ఎందుకు వెళుతున్నానంటే" అని మొదలుపెట్టాను. ఆ తర్వాత మాట అందలేదు. "పొద్దుపోవడానికి గదా నాన్నా" అని నువ్వే అన్నావు. నేను "ఊఁ" అన్నాను. అది కాదమ్మా. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు, నేను అనని మాటకి ఊ కొట్టానే అని.

ముందు ఒక సంగతి చెప్పాలి. నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. పోయిన ఎండాకాలం మిర్చి యార్డుకి సెలవులిచ్చినప్పుడు బీపీ మాత్ర మానేశాను. ఒంట్లో బాగానే ఉంది, మాత్రతో పనేముంది అనుకున్నాను. యార్డు తెరిచాక కూడా వేసుకోలేదు. వినాయక చవితి వెళ్లిన వారానికి, పొద్దున కొట్లో పట్టీ, అదే రైతు సరుకు లెక్క చీటీ, రాస్తుంటే చేతిలో పెన్ను జారి పడింది. వంగి తీయబోతే చెయ్యి రాలేదు. రాత్రి చెయ్యి మీద పడుకున్నాను, తిమ్మిరెక్కింది అనుకున్నాను. మా హమాలీ మేస్త్రీ నా మొహం చూసి "అయ్యా, మూతి పక్కకి పోయింది" అని అరిచాడు. నన్ను ఆటోలో వేసుకుని ముందు దగ్గర్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన గ్యాస్ అన్నాడు, కాసేపు పడుకోబెట్టాడు. అక్కడ నలభై నిమిషాలు పోయాయి. ఆసుపత్రికి వెళ్లగానే స్కాన్ తీశారు. రక్తనాళం చిట్లలేదు, రక్తం గడ్డ అడ్డుపడింది అన్నారు. గడ్డ కరగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలట. మేం ఆ లోపు వెళ్లగలిగాం.

తర్వాత డాక్టరు గారు చెప్పారు, పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు పోతాయని. ముప్పై ఏళ్లుగా లెక్కలు రాసినవాణ్ని, నాకు తెలియకుండానే గుణించాను. నలభై నిమిషాలకి ఏడు కోట్ల అరవై లక్షలు. ఇప్పటికీ రాత్రిపూట ఆ అంకె గుర్తొస్తుంది. అల్లుడు గారికి బీపీ ఉందన్నావు గదా. మాత్ర ఒక్క పూట కూడా మాననివ్వకు. మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా ఎవరినీ సలహా అడగొద్దు. 108కి ఫోన్ చేసి, స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి.

దెబ్బ మెదడుకి ఎడమ పక్కన తగిలింది కాబట్టి కుడి చెయ్యీ కుడి కాలూ పడ్డాయి, దాంతోపాటు మాటా పోయింది. నువ్వు ఇరవై రోజులు సెలవు పెట్టి వచ్చి చేసిన సేవ నేను మరిచిపోను. కానీ నువ్వు వెళ్లిపోయాక జరిగింది నీకు తెలియదు. స్పీచ్ థెరపీ ఆవిడ నాకు మంచినీళ్ల గ్లాసు చూపించి "ఇదేంటండీ" అనేది. అది నీళ్లని నాకు తెలుసు. నోట్లోంచి "తలుపు" అని వచ్చేది. కళ్లమ్మట నీళ్లు తిరిగేవి. ఒకరోజు ఆవిడ నా ఉద్యోగం ఏమిటో అమ్మని అడిగి, "ఎక్కాలు చెప్పండి" అంది. "పదమూడు ఒకట్లు పదమూడు, పదమూడు రెళ్లు ఇరవై ఆరు" అని మొదలుపెట్టి చివరిదాకా చెప్పేశాను, ఎక్కడా ఆగలేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చిన్నప్పటి నుంచీ వరసలో నోటికి వచ్చినవి అలా పోకుండా నిలుస్తాయట. అయితే ఆ వెంటనే "పదమూడు నాలుగ్లు ఎంత" అని విడిగా అడిగితే చెప్పలేకపోయాను. మొదటి ఆరు నెలల్లో ఎక్కువ తిరిగొస్తుందనీ, ఆ తర్వాత కూడా వాడుతూ ఉంటే వస్తూనే ఉంటుందనీ ఆవిడ చెప్పింది. వాడుతూ ఉంటే. ఆ మాట నేను పట్టుకున్నాను.

ఇంట్లో వాడడానికి వీలు లేకపోయింది చిన్నీ. నేను "కా" అనగానే అమ్మ కాఫీ తెచ్చేది. నేను కాలు నొప్పి అనబోయాను. చుట్టాలొస్తే నా బదులు తనే చెప్పేది, ఫోన్ వస్తే నువ్వు చెప్పేదానివి. ప్రేమేనమ్మా, కాదనను. కానీ నాలుగు నెలల్లో నేను పూర్తిగా చెప్పిన వాక్యాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేను ఏమంటానో మీ అందరికీ ముందే తెలుసు. అందుకే నన్ను అననివ్వలేదు.

ఫిబ్రవరిలో సీజను మొదలవగానే షావుకారు గారిని కలిశాను. వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన లేచి వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. మన వీధి చివర మాస్టారికి కూడా ఇలాగే వచ్చింది గదా. ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి 2016లో వచ్చిన వికలాంగుల చట్టం ఆయన్ని కాపాడింది. అలాంటివాళ్లని ఉద్యోగంలోంచి తీసేయకూడదు, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనిలో పెట్టాలి. నాలాంటి కమీషన్ కొట్టు గుమాస్తాకి షావుకారు మాటే చట్టం. ఆయన కాదంటే నేను చేయగలిగింది లేదు. ఆయన కాదనలేదు. "పొద్దున్నే రావద్దు, పదింటికి వచ్చి ఒంటిగంటకి వెళ్లిపో, సగం జీతం" అన్నారు. న్యాయమైన మాట.

మొదటి వారంలోనే తప్పు చేశాను. వినుకొండ వైపు రైతు, తేజ రకం మిరపకాయ తెచ్చాడు, 43 టిక్కీలు, అంటే బస్తాలు. పట్టీలో నేను 34 అని వేశాను. కళ్లకి 43 కనిపిస్తోంది, చెయ్యి 34 రాసింది, చదువుకుంటే నాకు సరిగ్గానే ఉంది. కాటా చీటీతో కూడిక కలవకపోతే మూడోసారి చూసినప్పుడు పట్టుకున్నాను. తొమ్మిది టిక్కీలు తేడా, మూడున్నర క్వింటాళ్ల పైమాట. ఆ మనిషి అప్పు తెచ్చి, పురుగుమందు కొట్టి, కోత కూలీ ఇచ్చి తెచ్చిన కాయ అది. నాకు చెమటలు పట్టాయి. దాచకుండా పట్టీ పట్టుకెళ్లి షావుకారు గారి ముందు పెట్టాను. అక్కడితో ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "రేపటి నుంచి నువ్వు రాయకు. కుర్రాడు రాస్తాడు. నువ్వు చీటీ చూసి పైకి చదువు. తర్వాత వాడు రాసింది వాడు చదువుతాడు, నువ్వు చూడు."

అదమ్మా, నేను నీకు ఫోన్‌లో చెప్పాలనుకున్నది. కాటా చీటీ నా చేతిలో ఉంటుంది. కుర్రాడు పెన్ను పట్టుకుని నా వంక చూస్తాడు. పక్కన రైతు నిలబడి నా నోటి వంక చూస్తాడు. నేను "నలభై" అంటాను, తర్వాతది రాదు. ఇద్దరూ ఆగుతారు. ఎవరూ మాట అందించరు, ఎందుకంటే ఆ అంకె ఎంతో వాళ్లకి తెలియదు. అది నా ఒక్కడికే తెలుసు. అది నా నోట్లోంచి వస్తేనే ముందుకు సాగుతుంది. ఒక్కోసారి పది క్షణాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వస్తుంది చిన్నీ. "నలభై మూడు" అని వస్తుంది. తూకం, తీసివేతలు, రేటు, హమాలీ, కమీషన్, రోజుకి ముప్పై నలభై పట్టీలు అలా పైకి చదువుతున్నాను. మొన్న ఒక రైతు వెళ్లబోతూ "మీరు చదివితే నాకు నమ్మకంగా ఉందండీ, ఒక్కో అంకె అర్థమైంది" అన్నాడు. ఆ మాటకి ఏమనాలో తెలియక నమస్కారం పెట్టాను.

నీకు టెన్షన్ ఉంటుందని తెలుసు కాబట్టి మిగతా సంగతులు కూడా రాస్తాను. బండి తోలడం లేదు. చుట్టుగుంట దాకా ఆటో, అక్కడి నుంచి ఇంకో ఆటో. కుడికాలి చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలిసేది కాదు, ఒకసారి యార్డు గేటు దగ్గర ఒంటి చెప్పుతో నడుస్తుంటే ఎవరో వెనక నుంచి తెచ్చిచ్చారు. ఇప్పుడు మడమకి పట్టీ ఉన్న శాండిల్ వేసుకుంటున్నాను. ఘాటుకి దగ్గొస్తుందని భయపడ్డావు, కాయ దగ్గరికి వెళ్లడం లేదు, లోపలి గదిలోనే కూర్చుంటున్నాను, మూతికి కండువా కట్టుకుంటున్నాను. పన్నెండు దాటేసరికి అలుపు వస్తుంది. మామూలు అలుపు కాదు, తలలో దీపం తగ్గించినట్టు ఉంటుంది. అప్పుడు చదవడం ఆపేస్తాను, బలవంతం చేయను. ఇంటికొచ్చి అన్నం తిని రెండు గంటలు పడుకుంటాను. ఊరగాయ వారానికి రెండు రోజులే, అదీ అమ్మ వేసినంతే. మాత్రలు డబ్బాలో రోజుల వారీగా సర్ది పెట్టింది, సాయంత్రం ఖాళీ గడి చూపిస్తేనే టీ.

నువ్వు పంపే డబ్బు వద్దనను, మందులకీ ఫిజియోథెరపీకీ అది కావాలి. కొట్టు మాత్రం మానమనకు.

అమ్మకి కూడా చెప్పాను, రెండు రోజులు పట్టింది చెప్పడానికి. ఇప్పుడు నేను మాట వెతుక్కుంటుంటే తను ఊరికే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతుంది. పెదాలు కదులుతుంటాయి, ఆపుకుంటుంది.

వచ్చే ఆదివారం పదింటికి నేనే ఫోన్ చేస్తాను. బుడ్డోడికి ఫోన్ ఇవ్వు. వాడి అసలు పేరు నాకింకా నోటికి రావడం లేదు, రోజూ అద్దం ముందు అంటున్నాను, మూడు అక్షరాల్లో రెండు వస్తున్నాయి. ఫోన్ ఎత్తాక చప్పుడు లేకపోతే లైను పోయిందనుకుని పెట్టేయకు. నేను అక్కడే ఉంటాను.

మీ నాన్న