పెన్సిల్‌తో ఓటేంటి నాన్నా అన్నావు కదా

చి. సింధూకి,
నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి జవాబు లేక కాదు, నీ ట్రైన్ వచ్చేసిందని ఊరుకున్నాను. "ట్యాక్స్ రిటర్న్ ఫోన్‌లో వేస్తాం, డ్రైవింగ్ లైసెన్స్ ఫోన్‌లో చూపిస్తాం, ఓటు మాత్రం తాడు కట్టిన పెన్సిల్‌తో ఏంటి నాన్నా?" అన్నావు. పైగా నువ్వు కొత్తగా చేరిన కంపెనీ ప్రభుత్వ ఆఫీసులకి సాఫ్ట్‌వేర్ రాసేది. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నాను. తెలుగులో రాశానని విసుక్కోకు. అర్థం కానిచోట ఫోటో తీసి అమ్మమ్మకి పంపు, ఆవిడకీ కాలక్షేపం.

2025 మే 3న ఆస్ట్రేలియా ఫెడరల్ ఎన్నికలకి నేను పోలింగ్ డ్యూటీ చేశాను, గుర్తుందా? ఇక్కడ ఆ పనికి టీచర్లే రానక్కర్లేదు. ఓటరు జాబితాలో పేరుండి, ఏ పార్టీ కోసమూ తిరగనివాళ్లు ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. పగలంతా పెద్ద విశేషమేం లేదు. పేరు, అడ్రస్ అడగడం, "ఈ ఎన్నికల్లో ఇంతకుముందు ఓటేశారా?" అని అడగడం, జాబితాలో గీత పెట్టి పేపర్లు చేతికివ్వడం. గుర్తింపు కార్డు అడగరు, వేలికి సిరా పూయరు. మన దేశం నుంచి వచ్చినవాళ్లకి ఇదే పెద్ద వింత. బయట స్కూల్ గేటు దగ్గర అన్ని పార్టీల వాలంటీర్లూ ఒకే చెట్టుకింద నిలబడి కరపత్రాలు పంచుతుంటే, పక్కనే పేరెంట్స్ సాసేజ్‌లు కాలుస్తున్నారు. మీ అమ్మ ఎప్పట్లాగే బ్రెడ్‌లో వేయించిన ఉల్లిపాయలు, సాస్ మాత్రం వేయించుకుని తింది.

సాయంత్రం ఆరింటికి తలుపులు మూశాక అసలు పని మొదలైంది. అట్టపెట్టెల సీళ్ల మీద నంబర్లని ముందు రాసుకున్నవాటితో సరిచూసి, పార్టీల ఏజెంట్ల కళ్లెదుటే కోసి, పేపర్లన్నీ బల్ల మీద కుమ్మరించాం. ఆకుపచ్చవి ప్రతినిధుల సభకి, తెల్లవి సెనేట్‌కి. సెనేట్ పేపర్ మడతలు విప్పడమే ఒక ఉద్యోగం. ఏజెంట్లు ఎంత దగ్గరికైనా వంగి చూడొచ్చు, అభ్యంతరం చెప్పొచ్చు, కానీ పేపర్‌ని వేలితో కూడా తాకకూడదు.

అందులో ఒక ఆకుపచ్చ పేపర్ దగ్గర అందరం ఆగిపోయాం. అందులో రెండు 7లు ఉన్నట్టుంది, 1 ఎక్కడా లేదు. అలాగైతే చెల్లని ఓటే. ఒక పార్టీ తరఫున వచ్చిన పెద్దావిడ చెల్లనిదంది. మరో పార్టీ కుర్రాడు ఇంకోసారి చూడమన్నాడు. మా ఆఫీసర్ పేపర్‌ని దీపం కిందికి జరిపి చూశారు. ఒక 7కి నడుము మీద చిన్న అడ్డగీత ఉంది, రెండోదానికి లేదు. యూరప్ నుంచి వచ్చిన పెద్దవాళ్లు చాలామంది 7ని అలా గీత పెట్టి రాస్తారు, 1కి పైన పొడుగు తోక పెడతారు. అంటే గీత లేనిది 1 అన్నమాట. ఆవిడ కూడా చూసి సరేనంది. ఓటు చెల్లింది. ఆ ఓటరెవరో మాకెవరికీ తెలియదు. బల్ల చుట్టూ నిలబడ్డవాళ్లలో ప్రోగ్రామింగ్ తెలిసినవాణ్ని బహుశా నేనొక్కణ్నే, కానీ అక్కడేం జరిగిందో అందరికీ అర్థమైంది. నేను చెప్పదలుచుకున్నది ఇదే సింధూ. అక్కడ అనుమానం వస్తే అడగొచ్చు, జవాబు కళ్లెదుటే దొరుకుతుంది. దానికి కంప్యూటర్ సైన్స్ డిగ్రీ అక్కర్లేదు.

ఒక్క ఓటుకి ఇంత హడావుడా అంటావేమో. ఆ ఎన్నికల్లోనే సిడ్నీలోని బ్రాడ్‌ఫీల్డ్ సీటు సంగతి చూడు. మొదటి లెక్కింపు పూర్తయ్యేసరికి లిబరల్ అభ్యర్థి జిసెల్ కాప్టేరియన్ 8 ఓట్ల ఆధిక్యంలో ఉన్నారు. మళ్లీ మొత్తం లెక్కిస్తే స్వతంత్ర అభ్యర్థి నికొలెట్ బోలీ 26 ఓట్లతో గెలిచారు. లక్షకి పైగా పేపర్లని మనుషులు చేత్తో తిరగేసి తేల్చిన ఫలితం అది. ఓడినవాళ్లు దాన్ని కోర్టులో సవాలు చేశారు.

మొదటి ప్రాధాన్యతల్లో బోలీ వెనకే ఉన్నారు. "తక్కువ ఓట్లొచ్చినావిడ ఎలా గెలుస్తుంది?" అని తమ్ముడు నాతో వాదించాడు. మీ తాతయ్యనడిగితే ఒక్క నిమిషంలో చెప్పేవారు. టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఆయన వేసింది ఈ ఓటే. మొదటి ప్రాధాన్యత, రెండో ప్రాధాన్యత, చివర ఉన్నవాళ్లని ఎలిమినేట్ చేస్తూ వాళ్ల ఓట్లు మిగతావాళ్లకి పంచడం... మన దగ్గర పట్టభద్రుల ఎమ్మెల్సీ లెక్కింపు రోజుల తరబడి సాగి టీవీ వాళ్లని విసిగించేది ఇందుకే. ఆస్ట్రేలియాలో ఈ పద్ధతి 1918 నుంచీ ఉంది. తేడా ఒక్కటే. మన ఎమ్మెల్సీ ఓటుకి 1 పెట్టి వదిలేసినా చెల్లుతుంది. ఇక్కడ ప్రతినిధుల సభకి అన్ని గడులూ నింపాలి. నచ్చనివాళ్లకి కూడా నంబరివ్వాలి, వాళ్లలో ఎవరు మరీ నచ్చలేదో తేల్చుకోవాలి. నాకైతే ఇది భలే నచ్చింది.

అలాగని యంత్రాలంటే నాకు పడదనుకోకు. వాటితోనే కదా మన ఇల్లు గడుస్తోంది. ఇండియాలో 2024 ఎన్నికలకి ఓటర్లు దాదాపు 97 కోట్లు. అక్కడ ఈవీఎంలు రావడానికి కారణం కూడా ఉంది. తాతయ్య రోజుల్లో పోలింగ్ బూత్‌లోకి దూరి బ్యాలెట్ పుస్తకం లాక్కుని గుద్దుకుంటూ పోయేవారు. రిగ్గింగ్ అనే మాట పల్లెల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఈవీఎం నిమిషానికి నాలుగు ఓట్లకి మించి తీసుకోదు. ఆ అడ్డంకి అక్కడ అవసరమైంది. తర్వాత అనుమానాలు పెరిగితే వీవీప్యాట్ పెట్టి, ఏడు సెకన్లపాటు చీటీ చూపించే ఏర్పాటు చేశారు. చివరికి నమ్మకం కోసం కాగితమే కావాల్సొచ్చింది చూడు.

ఇక్కడా ఆన్‌లైన్ ప్రయత్నాలు జరక్కపోలేదు. న్యూ సౌత్ వేల్స్‌లో ఐవోట్ అని ఒకటుండేది. 2021 డిసెంబర్‌లో స్థానిక ఎన్నికల రోజున అది మొరాయించింది, ఓటుకి దరఖాస్తు పెట్టుకున్న కొంతమందికి అవకాశమే దక్కలేదు. కెంప్సీ, సింగిల్టన్, షెల్‌హార్బర్‌లో ఒక వార్డు ఫలితాలని రాష్ట్ర సుప్రీంకోర్టు 2022లో కొట్టేసింది. మళ్లీ ఎన్నికలు పెట్టాల్సొచ్చింది. అంతకుముందు 2016 ఆగస్టు 9 రాత్రి దేశమంతా జనాభా లెక్కలు ఆన్‌లైన్‌లో నింపబోతే సైట్ మూతపడి, తెరుచుకోవడానికి దాదాపు 40 గంటలు పట్టింది. ఇవి చెడిపోయిన యంత్రాల కథలు. చెడిపోయిందని అందరికీ తెలిసింది, సరిచేశారు. వీటికి నేను పెద్దగా భయపడను.

నాకు టెన్షన్ పుట్టించేది చెడిపోని యంత్రం. రోబోడెట్, అంటే ప్రభుత్వ భత్యం తీసుకున్నవాళ్లు బాకీ ఉన్నారని కంప్యూటర్‌తో తేల్చి వసూలు చేసిన పథకం. దాని గురించి యూనివర్సిటీలో ఒక్క లెక్చర్‌లో చెప్పి వదిలేశారన్నావు. నీ ఉద్యోగానికి అది చాలదు.

లెక్క చాలా సులభం, అందుకే అంత ప్రమాదం. నీలాంటి స్టూడెంట్ ఒకమ్మాయి ఏడాదిలో మొదటి సగం షాపులో పనిచేసి 13,000 డాలర్లు సంపాదించింది. తర్వాత పని మానేసి చదువుకుంటూ, రూల్ ప్రకారమే ప్రభుత్వ భత్యం తీసుకుంది. ట్యాక్స్ ఆఫీసు దగ్గర ఉండేది ఏడాది మొత్తం అంకె. సిస్టమ్ దాన్ని 26 పక్షాలతో భాగించింది. పక్షానికి 500 డాలర్లు. "నువ్వు భత్యం తీసుకున్న ప్రతి పక్షంలోనూ 500 సంపాదించావు, మాకు చెప్పలేదు, కాబట్టి మాకు బాకీ ఉన్నావు" అని ఉత్తరం పంపింది. కాదని నిరూపించుకోవాల్సింది ఆ అమ్మాయే. ఏళ్ల కిందటి పేస్లిప్‌లు తెచ్చుకోవాలి, మూతపడ్డ షాపు ఓనర్‌ని వెతుక్కోవాలి. మొదట్లో పంపిన ఉత్తరాల్లో ఆ పని చూసేవాళ్ల ఫోన్ నంబర్ కూడా లేదు.

2014లోనే సంబంధిత శాఖ సొంత లాయర్లు ఇలా సగటు తీయడానికి చట్టం ఒప్పుకోదని రాసిచ్చారు. అయినా నడిపించారు. 2020లో ప్రభుత్వం దిగొచ్చి 4,70,000 బాకీలకి సంబంధించి 72 కోట్ల డాలర్లు తిరిగి ఇస్తామంది. దీని మీద విచారణకి వేసిన క్యాథరిన్ హోమ్స్ రాయల్ కమిషన్ 2023 జూలైలో ఇచ్చిన రిపోర్టు ఆ పథకం న్యాయమూ కాదు, చట్టబద్ధమూ కాదు అని తేల్చింది. ఆ విచారణలో ఇద్దరు తల్లులు వచ్చి తమ కొడుకుల ఆత్మహత్యల గురించి చెప్పారు. ఆ రోజు వార్తలు మీ అమ్మ చూడలేకపోయింది, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ భాగహారం రాసిన ప్రోగ్రామర్ కూడా ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాడు. మంచివాడే అయ్యుంటాడు. 13,000ని 26తో భాగిస్తే 500 రావాలి, వచ్చింది. టెస్టులన్నీ పాసయ్యే ఉంటాయి. మా బల్ల చుట్టూ నిలబడ్డట్టు దాని చుట్టూ ఎవరూ నిలబడలేదు, అంతే. "ఇది 7 కాదేమో, ఇంకోసారి చూడండి" అనేవాడు లేడు.

తమ్ముడి సంగతి కూడా ఒక మాట. 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్లలోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లు బంద్ కదా, వాడి ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్ రెండూ పోయాయి. వాట్సాప్ ఉంది కాబట్టి అలక తొందరగానే తీరింది. తప్పు చేస్తే జరిమానా కంపెనీలకే, 4.95 కోట్ల డాలర్ల దాకా. పిల్లలకీ మనకీ ఏమీ లేదు. ఆ చట్టం ఉద్దేశం నాకు నచ్చింది. కానీ సెల్ఫీ చూసి వయసు అంచనా కట్టే పద్ధతి ఉంది చూశావా, అక్కడ నాకు అనుమానం. నీ ముఖం చూసి ఇప్పటికీ పదిహేనేళ్లు అనేవాళ్లున్నారు. యంత్రం తప్పు చెప్తే ఎవరితో మాట్లాడాలి? ప్రభుత్వ ఐడీ ఒక్కటే దారి కాకూడదని చట్టంలో రాయడం నయం.

"అందరూ ఒకటే, ఎవరికేస్తే ఏంటి" అని కూడా అన్నావు. దానికి నేను ఉపన్యాసం ఇవ్వను. 2026 నవంబర్ 28న మన విక్టోరియా రాష్ట్ర ఎన్నికలు. ఉగాది ఫంక్షన్‌కి వచ్చి నమస్కారం అని తెలుగులో చెప్పి చప్పట్లు కొట్టించుకునే నాయకులు మళ్లీ వస్తారు. మన టార్నీట్ రైల్వే స్టేషన్ 2015లో తెరిచారు. పొద్దున డీజిల్ రైల్లో కాలు పెట్టడానికి చోటుండదు. కరెంటు రైలు ఎప్పుడని అడుగుదామని నేనూ, మీ శ్రీధర్ అంకుల్ అనుకుంటున్నాం. ఓటు తప్పనిసరి కాబట్టే ఈ ప్రశ్నకి వాళ్లు ఆగి జవాబు చెప్తారు. ఇక్కడ ఇంట్లో కూర్చునే ఓటర్లు తక్కువే కదా.

నువ్వు ఫుట్‌స్క్రే వెళ్లి నెల దాటింది. ఓటరు జాబితాలో అడ్రస్ మార్చుకోవాలి. అది మాత్రం ఆన్‌లైన్‌లోనే, అయిదు నిమిషాల పని. కింది సభ పేపర్‌లో అన్ని గడులూ నింపు. పెన్సిల్ నచ్చకపోతే నీ పెన్ను తీసుకెళ్లు, ఎవరూ ఏమీ అనరు.

ఇంకొకటి. మీ కంపెనీ రాస్తున్న ఆ సిస్టమ్‌లో "నాకు అభ్యంతరం ఉంది" అని నొక్కడానికి బటన్ ఉందన్నావు. అది నొక్కితే మెసేజ్ ఏ మనిషి దగ్గరికి వెళ్తుంది? ఆ మనిషికి నిర్ణయం మార్చే అధికారం ఉందా? సోమవారం ఆఫీసులో కనుక్కుని, ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు చెప్పు. అమ్మ గోంగూర పచ్చడి చేస్తోంది, డబ్బా తెచ్చుకో.

ఉంటాను,
నాన్న