మంచాలు కాదు, అడిగొచ్చే మనిషికి జీతం

కర్నూలు,
ఆదివారం

ఒరే బావా,

ఎట్లున్నావు? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారు కదా? ఇక్కడ అందరం బాగున్నాం. మా అమ్మ మోకాళ్ల నొప్పులు మామూలే, నీ గురించి మాత్రం వారానికొకసారి అడుగుతుంది.

మన బ్యాచ్ వాళ్లంతా పోగుచేసిన డబ్బుతో మా ఆసుపత్రిలోని మానసిక విభాగానికి ఏం చేస్తే బాగుంటుందని అడిగినావు. మంచాలా, ఏసీలా, వార్డుకు రంగులా, లేదంటే ఒకరోజు మెడికల్ క్యాంపా అని నాలుగు పేర్లు కూడా నువ్వే రాసినావు. వాట్సాప్‌లో ఒక ముక్కలో చెప్పే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

ఆ నాలుగింటిలో ఏదీ వద్దు. ఆ డబ్బుతో ఒక పరిశోధన చేయించండి. "ఇదేంరా, పరిశోధన అంటే ఢిల్లీ వాళ్లు, బెంగళూరు వాళ్లు చేసుకునేది కదా" అంటావని తెలుసు. అందుకే మొదటినుంచీ చెప్తా.

మా ఓపీలో ఒక పొడుగాటి రిజిస్టర్ ఉంటుంది. పేరు, ఊరు, వయసు, జబ్బు, ఇచ్చిన మాత్రలు, మళ్లీ రావాల్సిన తేదీ. మనిషి వస్తే ఆ తేదీ పక్కన టిక్కు పెడతాం. రాకపోతే గడి ఖాళీ. చలికాలం మొదలైందంటే కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు పేర్ల పక్కన వరసగా ఖాళీ గళ్లే కనిపిస్తాయి. నెలాఖరు రిపోర్టులో వాళ్లంతా "చికిత్స మానేసినవారు" కిందికి పోతారు. ఎందుకు మానేసినారో రాసే గడి ఆ రిపోర్టులో లేదు.

పోయిన ఏడాది వాళ్లలో కొందరి ఇళ్లకు పోయి చూసినా. కోసిగి దిక్కు ఒక ఊళ్లో వీధి వీధంతా తాళాలే. అరుగు మీద కూర్చున్న ముసలాయన్ని అడిగితే, "యాడుంటారు సార్, అందరూ సుగ్గికి పోయినారు. గుంటూరు దిక్కు మిరపకాయలు కోయను. ఉగాదికొస్తారు" అన్నాడు. నువ్వు చిన్నప్పటినుంచీ టౌనులో పెరిగినావు కాబట్టి నీకు ఈ సంగతి అంతగా తెలియకపోవచ్చు. వానలు ముఖం చాటేసిన ఏడు ఆ పల్లెల్లో మిగిలేది ముసలివాళ్లు, మేకలు. పిల్లల్ని కూడా బడి మాన్పించి తీసుకపోతారు.

ఆ ఊళ్లో నేను వెతుకుతూ పోయినామెకు స్కిజోఫ్రీనియా. మాత్రలతో బాగా నిలబడింది. వంట చేసుకుంటుంది, కూలికి పోతుంది, చెవిలో మాటలు వినబడటం దాదాపు ఆగిపోయింది. ఎండాకాలంలో తిరిగొచ్చినాక కలిసినా. సుగ్గికి పోయేనాటికి చేతిలో ఉన్న మాత్రలు కొన్ని రోజులకే సరిపోయినాయి. అవి అయిపోయినాక నిద్ర పోయింది, తర్వాత మాటలు వచ్చినాయి. రాత్రిపూట లేచి మిరప కళ్లంలోంచి ఎటో నడిచిపోతుంటే మరిది వెనకాల పోయి పట్టుకొచ్చినాడంట. నాలుగు రోజులు చూసి మేస్త్రీ లెక్క కట్టి కుటుంబాన్నంతా ఊరికి పంపించేసినాడు. కొంగు ముడి విప్పి ఖాళీ మాత్రల అట్ట చూపించింది బావా. వెనకాల వెండి కాగితం చిరిగి మందు పేరులో సగమే మిగిలింది. దాన్ని పట్టుకుని అక్కడి మందుల షాపుకు పోతే డాక్టరు చీటీ లేకుండా ఇయ్యమన్నారంట. షాపు వాళ్లను తప్పు పట్టలేం, చట్టం ప్రకారం వాళ్లు చేసింది సరే. ఆమె కూడా చేయాల్సిందంతా చేసింది, అట్ట దాచిపెట్టుకుంది, అడిగింది. మా రిజిస్టర్‌లో మాత్రం ఆమె చికిత్స మానేసిన మనిషి.

"అయితే పోయేముందు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చేస్తే అయిపోయె కదా" అని నీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ నిరాశలో ఉన్న మనిషి ఇంట్లో అన్ని మాత్రలు ఒక్కచోట ఉండటం ప్రమాదం. మనసు ఒకసారి ఉప్పొంగి ఒకసారి కుంగిపోయే జబ్బుకిచ్చే లిథియం లాంటి మందైతే మధ్యమధ్యలో రక్తపరీక్ష చేసి మోతాదు చూసుకోవాలి. అట్లని నెలకే ఇస్తే మిరప చేలో మాత్రలు అయిపోతాయి. మరి ఇంట్లో ఇంకొకరి చేతికి ఇచ్చి పంపితే? గుంటూరు వైపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) చూపిస్తే మాత్రలిచ్చేలా ఒక కార్డు రాసిస్తే? వారానికోసారి ఊరి ఆశా కార్యకర్త ఫోన్ చేస్తే? ఏది పనిచేస్తుందో, ఎవరికి పనిచేస్తుందో, ఎంత ఖర్చవుతుందో ఈరోజు ఎవ్వరూ చెప్పలేరు. ఎందుకంటే నాకు తెలిసి మన దగ్గర ఎవరూ చేసి చూడలేదు. నేను అడిగే పరిశోధన ఇదే. కొన్ని మండలాల్లో ఒక పద్ధతి పెట్టి, కొన్నింటిలో ఇప్పుడున్నట్టే ఉంచి, ఒక సుగ్గి కాలం దాటినాక ఎవరు నిలబడినారు, ఎవరికి జబ్బు తిరగబెట్టింది అని లెక్క చూడటం.

మంచి ఉద్దేశం ఉంటే చాలు, పరిశోధన ఎందుకు అనేవాళ్లకు నేను శ్రీలంక సంగతి చెప్తుంటా. పురుగుమందు తాగి చనిపోవడం అక్కడ పెద్ద సమస్య. ఇంట్లో మందును తాళం వేసే పెట్టెలో పెట్టుకుంటే మరణాలు తగ్గుతాయని అందరూ నమ్మినారు. వినడానికి ఎంత సబబుగా ఉంటుంది చూడు. 50 వేలకు పైగా ఇళ్లలో సగం ఊళ్లకు పెట్టెలిచ్చి, సగం ఊళ్లకు ఇవ్వకుండా ఏళ్ల తరబడి చూసినారు. ఫలితం 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పెట్టెల వల్ల తేడా ఏమీ రాలేదు. అదే దేశంలో బాగా విషపూరితమైన మందులను అమ్మకుండా ప్రభుత్వం నిషేధించినాక మరణాలు బాగా తగ్గినాయి. ఆ పెద్ద పరీక్షకు ఎవరో డబ్బు పెట్టకపోయి ఉంటే, మనలాంటి దాతలం ఈరోజు అనంతపురం రైతులకు తాళం పెట్టెలు పంచుతూ ఫోటోలు దిగుతుండేవాళ్లం.

మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే విదర్భ. అమరావతి జిల్లా, మహారాష్ట్రలోది, మన రాజధాని కాదు. పత్తి, అప్పులు, ఆత్మహత్యలు, మన అనంతపురం వేరుశనగ రైతు కథకు దగ్గరి చుట్టం. టాటా ట్రస్టుల డబ్బుతో అక్కడ 30 ఊళ్లలో 'విశ్రామ్' అని ఒక కార్యక్రమం నడిపినారు. ఊళ్లోని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ తిప్పి, కష్టంలో ఉన్నవాళ్లతో మాట్లాడించినారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో సాయం అందుకున్నవాళ్లు ముందు 4.3 శాతం ఉంటే తర్వాత 27.2 శాతమైనారు. అదే మధ్యప్రదేశ్‌లోని సెహోర్ జిల్లాలో బ్రిటన్ ప్రభుత్వ సొమ్ముతో ఆసుపత్రుల్లో ఏర్పాట్లు చేసి చూసినప్పుడు, జనాభా మొత్తం మీద చికిత్సకు చేరినవాళ్లు పెరగలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఆసుపత్రిలో ఎన్ని మంచాలు వేసినా, ఊళ్లోకి పోయి పిలిచే మనిషి లేకపోతే జనం రారు. మంచాలు వద్దని నేను మొండిగా అంటున్నది ఇందుకే.

మన రాష్ట్రంలో అసలేమీ జరగలేదని కాదు. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లు ఆశాల చేతికి ట్యాబ్ ఇచ్చి, ఎవరికి దిగులు జబ్బు ఉందో అడిగి తెలుసుకుని పీహెచ్‌సీ డాక్టరుకు పంపే పద్ధతి చేసి చూపించినారు. మంచి పని. కానీ కాలవ నీళ్ల ఊరు వేరు, కోసిగి వేరు కదా. అక్కడ మనిషి ఏడాదంతా ఊళ్లోనే ఉంటాడనే నమ్మకంతో పెట్టిన పద్ధతి ఇక్కడ నవంబరు దాకానే నడుస్తుంది.

ఇంకొక సంగతి విను, నాకు ఇది చాలా గర్వంగా కూడా ఉంటుంది, బాధగా కూడా ఉంటుంది. గుంతకల్లు నుంచి గంట ప్రయాణం బళ్లారి. 1980లలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు ఆ జిల్లాలో పీహెచ్‌సీ డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, ముఖ్యమైన మందులు అక్కడే దొరికేలా చేసి, పిచ్చాసుపత్రికి పోనక్కర లేకుండా సొంత ఊరి దగ్గరే వైద్యం చేయవచ్చని నిరూపించినారు. 1996లో కేంద్రం మొదలుపెట్టిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి మూలం అదే. నాకు జీతమిచ్చేది కూడా ఆ కార్యక్రమమే. మన పక్క జిల్లాలో, మన దత్త మండలాల గడ్డ మీద, కాస్త డబ్బు పెట్టి ఓపిగ్గా చేసిన ఒక పరిశోధన దేశమంతటికీ పథకమైంది. ఆ తర్వాత మన సీమలో ఆ పథకం ఎట్లా నడుస్తోంది, ఎవరిని వదిలేస్తోంది అని అడిగేదానికి మాత్రం డబ్బు లేదు.

2015-16లో నిమ్హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేల్చింది. మీటింగుల్లో మేమంతా ఆ అంకెలే చెప్తాం. ఆ సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. తమిళనాడు లెక్క, ఛత్తీస్‌గఢ్ లెక్క పట్టుకుని ఆలూరుకు ఎన్ని మాత్రలు కావాలో అంచనా వేస్తున్నాం బావా. కేంద్ర ఆరోగ్య బడ్జెట్‌లో మానసిక ఆరోగ్యానికి వచ్చేది సుమారు ఒక శాతం. అందులోనూ పెద్ద వాటా బెంగళూరు నిమ్హాన్స్‌కే పోతుంది. నిమ్హాన్స్‌కు ఇవ్వొద్దని నేననను, అది దేశానికి కావాల్సిన సంస్థ. మిగిలింది జిల్లాలకు పంచితే జీతాలకు, మందులకే చాలదు, ఇక ప్రశ్న అడిగేదానికి ఎక్కడినుంచి వస్తుంది?

2022 అక్టోబరు 10న టెలి మానస్ అని మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ సేవ మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. నేను ప్రతి ఊళ్లో ఆ నంబరు గోడ మీద రాయిస్తున్నా, నువ్వు కూడా తెలిసినవాళ్లందరికీ చెప్పు. కానీ మిరప చేలో పదిమంది మధ్య, మొగుని ఫోన్‌లో, ఒక ఆడమనిషి తన మనసు బాగలేదని చెప్పుకోగలదా? ఇది కూడా పోయి అడిగితేనే తెలిసే సంగతి.

పరిశోధకులు వస్తారు, ప్రశ్నలడుగుతారు, పేపరు రాసుకుని పోతారు, ఊరికి ఏమీ మిగలదు అని నువ్వు ఫోన్‌లో ఒకసారి అన్నావు. ఆ మాట నాకు గుర్తుంది, అందులో నిజముంది. అందుకే మన డబ్బుకు షరతులు పెడదాం. ఏం ప్రశ్న అడగాలో తేల్చేటప్పుడు జబ్బు అనుభవించినవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు మనతో కూర్చోవాలి. మొదలుపెట్టకముందే మెడికల్ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్ఐలో (ఇట్లాంటి పరీక్షల వివరాలు ముందే రాసిపెట్టే జాతీయ రిజిస్టర్‌లో) నమోదు రెండూ కావాలి, అప్పుడు ఫలితం మనకు నచ్చకపోయినా దాచిపెట్టేదానికి ఉండదు. ఎవరి పేరూ బయటికి రాకూడదు, 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా అదే చెప్తుంది. చివర్లో ఇంగ్లీషు పేపరు కన్నా ముందు ఆ ఊళ్ల రచ్చకట్టల మీద తెలుగులో ఫలితం చదివి వినిపించాలి. హొళగుంద వైపైతే కన్నడంలో కూడా.

ఖర్చు గురించి భయపడొద్దు. నువ్వు చెప్పిన ఏసీల డబ్బులో ఎక్కువ భాగం ఒక్క మనిషి జీతానికే పోతుంది. ఆ మనిషి ఆ వైపు ఆడమనిషే అయ్యుండాలని నా పట్టు. ఇంటి లోపలికి పోయి మంచం మీద కూర్చుని మాట్లాడగలగాలి, రెండు భాషలూ రావాలి, సుగ్గి జనంతో పాటు గుంటూరు దాకా పోయి వాళ్ల గుడిసెల దగ్గర ఉండి రాగలగాలి. అట్లాంటి చదువుకున్న అమ్మాయిలు ఆ పల్లెల్లో ఉన్నారు, పనిలేక వాళ్లూ మిరపకాయలు కోస్తున్నారు. ఆమెకు నమ్మకంగా నెలనెలా జీతం, బస్సు ఛార్జీలు, ఒక మంచి ఫోన్, లెక్కలు చూసేవాళ్లకు కొంత. రోగి వెంట వచ్చిన మనిషికి ఆరోజు కూలి కూడా మనమే ఇవ్వాలి. పరిశోధన కోసం పేదవాని కూలి పోగొట్టే హక్కు మనకు లేదు. ఒక ఏడాది ఇచ్చి ఆపేస్తే మాత్రం అసలు మొదలుపెట్టొద్దు. కనీసం రెండు సుగ్గి కాలాలు చూడాలి, ఎందుకంటే వానలు బాగా పడిన ఏడు తక్కువమంది పోతారు, ఒక్క ఏడాది లెక్క మోసం చేస్తుంది.

మీ కంపెనీలో సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) డబ్బు చూసేవాళ్లను కూడా కదిలించు. లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాల్సిన కంపెనీలు స్కూలు బ్యాగులు, వాటర్ ప్లాంట్లు దాటి ఆలోచించాల. బోర్డు మీద పేరు రాసుకునేదానికి ఇందులో గోడ దొరకదు, ఆ సంగతి ముందే చెప్పేయ్.

దసరాకు వస్తున్నావు కదా. రెండు రోజులు ముందుగా బయలుదేరు. మెడికల్ కాలేజీలో సైకియాట్రీ ప్రొఫెసర్ గారితో మాట్లాడి పెట్టినా, మన బ్యాచ్‌లో స్టాటిస్టిక్స్ చేసిన వాడిని కూడా వెంటబెట్టుకుని రా. ఒకరోజు ఆదోని బస్సెక్కి ఆ ఊళ్లకు పోదాం. దసరా దాటితే జనం మూటలు కట్టడం మొదలుపెడతారు, అప్పుడు పోతే మాట్లాడేవాళ్లు దొరకరు.

నీ జవాబు కోసం చూస్తుంటా. చెల్లెమ్మకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ బావ