డెమో గదిలో వరుస మారింది, రేట్లు కూడా

ఈ నెల నుంచి మా సౌండ్ షాపు డెమో గదిలో వినిపించే పాటల వరుస, చూపించే సినిమాల వరుస మార్చాం. గోడ మీద కొత్త కాగితం చూసి "మాయాబజార్‌ని ఎక్కించి పింక్ ఫ్లాయిడ్‌ని దించారేంది సామీ" అని అడుగుతున్నవాళ్లకు, "నెల్లూర్లో ఎవురు వింటారయ్యా ఆ ఇంగ్లీషు గోల" అంటున్నవాళ్లకు కలిపి ఇక్కడే జవాబు. రేట్ల సంగతే కావాలంటే చివరికి పొండి.

వరుస పూర్తిగా మా ఇష్టమే. కాకపోతే షాపు నడిపేవాళ్ల ఇష్టంలో కొంచెం లెక్క ఉంటుంది. ఏది వింటే మీ ఇంట్లో సెట్టు లోపం ఇట్టే బయటపడుతుందో అది పైన ఉంటుంది. ఎంత గొప్పదైనా పరీక్షకు పనికిరానిది కిందికి పోతుంది.

మొదటి స్థానం 1957 నాటి మాయాబజార్‌ది. అందులోనూ "లాహిరి లాహిరి" పాటది. అది మోనో. రెండు స్పీకర్లకూ ఒకే శబ్దం పోతుంది కాబట్టి ఘంటసాల, లీల గొంతులు సరిగ్గా మధ్యలో, స్పీకరే లేని చోట నిలబడాలి. గొంతు ఎక్కడుందో తెలియకుండా గదంతా తేలుతూ, బేస్ పల్చబడిందంటే ఒక స్పీకరుకు వైర్లు తిరగబడ్డాయని అర్థం. ఆంప్లిఫైర్ ఆపి, ఏదో ఒక్క స్పీకరు వెనక ఎర్ర, నల్ల వైర్లు అటుదిటు మార్చండి. రెండింటికీ మార్చారా, కథ మళ్లీ మొదటికే. స్టీరియో పాటలో ఈ తప్పు అంత తేలిగ్గా దొరకదు, వాయిద్యాలు ఎటూ చెరోపక్క ఉంటాయి గనక. "హాల్", "స్టేడియం" లాంటి మోడ్‌లు ఆపేసి వినండి. ట్రెబుల్ పెంచొద్దు. ఆనాటి ఫిల్ము సౌండ్ ట్రాకులో అంత పైస్థాయి శబ్దం పెద్దగా ఉండదు, పెంచితే బుస ఒక్కటే పెరుగుతుంది.

బొమ్మ సంగతికొస్తే ఆ సినిమా చట్రం 4:3, అంటే వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లు. 43 అంగుళాల టీవీలో తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. బొమ్మ 71 సెంటీమీటర్లే రావాలి, రెండు పక్కలా చెరో 12 నల్లగా మిగలాలి. "డబ్బులిచ్చి కొన్న టీవీ, తెరంతా నిండాల" అని సాగదీస్తే వివాహ భోజనంలో లడ్డు అడ్డంగా పడుకున్న కోడిగుడ్డు అవుతుంది. పిక్చర్ సైజులో "4:3" గానీ "ఒరిజినల్" గానీ పెట్టండి.

రెండోది 1951 నాటి పాతాళభైరవి. మాయాబజార్‌లాగే దీనికీ కెమెరా మార్కస్ బార్‌ట్లేనే. గుహ సన్నివేశాల్లో చీకటిలోనూ వివరం కనపడాలి. టీవీని "వివిడ్"లో వదిలేస్తే నీడలన్నీ నల్లముద్దలవుతాయి. "సినిమా" మోడ్ చాలు.

పౌరాణికాలు, జానపదాలు పక్కనపెడితే మా ఓటు ఆదిత్య 369కి. దర్శకుడు సింగీతం మన జిల్లా మనిషని కాదు (కొంచెం అదీ ఉంది). 1991 నాటి ఆ సినిమాకు పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్ ముగ్గురు కెమెరామెన్లు పనిచేశారు. ఒక కాలం రంగుకూ ఇంకో కాలం రంగుకూ పొత్తుండదు. రాయలవారి దర్బారు చూసి రంగులు సర్దుకున్నవాళ్లు 2504 వచ్చేసరికి రిమోట్ వెతుక్కుంటారు. మూడు కాలాల్లోనూ మొహం రంగు సహజంగా కనపడేట్టు సర్దండి, మిగతాది వదిలేయండి. అదే స్వామి కెమెరాతో 1971లో వచ్చిన మోసగాళ్లకు మోసగాడు మా తర్వాతి ఎంపిక. ఆ కాలం ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలి ఛాయ ముందు చచ్చిపోయి బొమ్మ ఎర్రబడుతుంది. అది ప్రింటు జబ్బు, టీవీది కాదు.

ఇంగ్లీషు సినిమాల్లో 1968 నాటి 2001: ఎ స్పేస్ ఒడిస్సీ ఒక్కటే ఉంచాం. మొదట కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉండి సంగీతం ఒక్కటే వస్తుంది. టీవీ పోయిందని కంగారుపడొద్దు. లైటు ఆర్పి ఆ నలుపులో మూలలు చూడండి. తెల్లమచ్చలు కనిపిస్తే అది తెర వెనక లైటు (బ్యాక్‌లైట్) కారడం. కొనకముందే చూసుకోవాల్సింది అదే.

ఇక ప్రోగ్రెసివ్ రాక్, అంటే పొడుగ్గా సాగే ఇంగ్లీషు రాక్ పాటలు. ఇక్కడే గొడవంతా. మా లెక్కలో యెస్ బృందం 1972లో తెచ్చిన క్లోజ్ టు ది ఎడ్జ్ మొదటిది. ఒక పాటే రికార్డు ఒక వైపంతా, పద్దెనిమిది నిమిషాల పైన. పిట్టల కూతలు, నీటి చప్పుడుతో సన్నగా మొదలవుతుంది. వినపడలేదని వాల్యూమ్ పెంచితే వాయిద్యాలు విరుచుకుపడేటప్పుడు ట్వీటర్ (సన్న శబ్దాల చిన్న స్పీకరు) పోయే ప్రమాదముంది. మధ్యలో రిక్ వేక్‌మన్ వాయించిన చర్చి ఆర్గన్ వస్తుంది. అక్కడ బీరువా అద్దం అదిరిందంటే సబ్‌వూఫర్‌ను (బేస్ స్పీకరును) మూలలోంచి ఒక అడుగు ఇవతలికి లాగి, దానికి ఎంత కింది శబ్దం పోవాలో తేల్చే క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. టైల్సు గదిలో శబ్దం గోలగోలగా ఉంటే స్పీకర్ల ముందు ఒక జంపఖానా పరవండి.

పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్‌ను రెండుకు దించాం. 1973 నుంచి ప్రతి సౌండ్ షాపులో అదే గడియారాల మోత. ఇంజినీరు ఆలన్ పార్సన్స్ గడియారాల దుకాణంలో ఒక్కోదాన్నీ విడిగా రికార్డు చేసిన మోత అది. ఆల్బమ్ అద్భుతమే, కానీ పెన్‌డ్రైవ్‌లో ఎంపీ3గా తెచ్చేవాళ్లతో చిక్కు. పాటలు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి జారిపోతుంటాయి. ఎంపీ3 ఫైలు మొదట్లో, చివర్లో చిన్న నిశ్శబ్దం చేరుతుంది కాబట్టి అతుకు దగ్గర టక్కుమంటుంది. నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లలో, రికార్డు ఒక్కో వైపు ఒక్కో ఫైలుగా పెట్టుకోండి. మొత్తం 43 నిమిషాలు 300 ఎంబీ లోపే పడుతుంది.

మూడోది కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్, 1969. మనసుకు ఇదే మొదటిది, డెమోకు మాత్రం పనికిరాదు. మొదటి పాటలో గొంతును కావాలనే చీల్చారు, వినగానే "స్పీకర్ పగిలింది" అంటారు. మూన్‌చైల్డ్ పాటలో వాయిద్యాలు దాదాపు ఆగిపోయినట్టుంటాయి, అప్పుడు "ఆంప్లిఫైర్ పోయింది" అంటారు.

ఇప్పుడు రేట్లు. డెమో ఉచితమే, కానీ మనిషికి నలభై నిమిషాలు, ముందు ఫోన్ చేసి రావాలి. స్టైలస్‌లు, అంటే రికార్డు ప్లేయర్ సూదులు, మాకొచ్చే ధరే పెరిగింది, ఆ పెంపును దాచిపెట్టి ఆంప్లిఫైర్ సర్వీసు చార్జీలో కలపడం లేదు. ఏటీ-వీఎం95ఈ సూదికి 2 గ్రాముల బరువు పెట్టండి. రికార్డు అరగదని 1 గ్రాముకు దించితే సూది గాడిలో కుదురుగా కూర్చోదు, గోడలకు కొట్టుకుని ఎక్కువ పాడుచేస్తుంది. కంపెనీ చెప్పే ఆయుష్షు 300 గంటలు, అంటే సుమారు 400 ఎల్పీలు. 78 ఆర్‌పీఎం రికార్డులకు ఈ సూది వాడొద్దు. వాటి గాడి వెడల్పు, దాని సూది వేరు, మా దగ్గరుంది.

క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చడం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆపుతున్నాం. ఆ మూడు నెలల వానల్లో మన ఊళ్లో టేపులకు తెల్లబూజు పడుతుంది. ఒక్కటి ప్లేయర్లో తిరిగితే హెడ్‌కు అంటి, తర్వాతివాళ్ల టేపుకు పాకుతుంది. అందాకా క్యాసెట్లను సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్‌లో మూసిపెట్టండి. ఎండలో పెట్టొద్దు, డొల్ల వంకరపోతుంది. సంక్రాంతి తర్వాత తెండి, ఒక్కోటి 150 రూపాయలు. బూజు పట్టినవి విడిగా శుభ్రం చేయాలి కాబట్టి 250. తెచ్చేటప్పుడే చిన్న కిటికీలోంచి చుట్ట అంచు చూసి, తెల్లగా ఉంటే ముందే చెప్పండి.