గట్టిపడని పుట్టీకి కారణం కలపడంలోనే

సంపాదకులకు నమస్కారం.

ఈ చలికాలంలో నల్లగొండలోని మా ఇంటి నీళ్ల ట్యాంకు పైపు అతుకుకు పెట్టిన ఎపాక్సీ పుట్టీ (రెండు ముద్దలు కలిపి పెడితే గట్టిపడే అతుకు మందు), మరునాటికి కూడా గోరు దిగేంత మెత్తగా ఉండిపోయింది. గీకి చూస్తే లోపల తెలుపు, నలుపు చారలు విడివిడిగా కనిపించాయి. ఆ రెండు ముద్దలు, అంటే అసలు జిగురైన రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ సరిగా కలవలేదన్నమాట. రెండు ముద్దలనూ ప్యాకెట్‌పై చెప్పిన పాళ్లలోనే తీసుకొని, చారలన్నీ పోయి ఒకే రంగు వచ్చే దాకా పిసకాలి. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ కలపడం చాలామంది చేసే పొరపాటు. జతకు రెసిన్ దొరకని హార్డెనర్ మిగిలిపోయి ముద్ద మెత్తగానో, పెళుసుగానో తయారవుతుంది. చలికి గట్టిపడటం ఆలస్యమవుతుంది, నిజమే. కానీ పాళ్లు తప్పిన ముద్దను ఏ ఎండా బాగు చేయలేదు. దాన్ని పూర్తిగా గీకేసి, ఉప్పుకాగితంతో రుద్ది, తడి, జిడ్డు లేకుండా తుడిచి కొత్తది పెట్టాలి. ఈ సూచనలను ప్యాకెట్లపై తెలుగులో, కంటికి ఆనే అక్షరాలతో ముద్రించాలని తయారీదారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, నల్లగొండ