86 పెద్దదా, 64 పెద్దదా?

నెల్లూరు,
ఆదివారం రాత్రి

ఒరే శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. రెండు ఆదివారాలూ కోవూరులో పెదనాన్న కొట్లోనే గడిచిపోయాయి. బిల్లు ప్రింటర్ కొన్నాడు. దాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే చిన్న ప్రోగ్రాము, అదే డ్రైవర్, ఎక్కించడం చేతకాక, "అబ్బయ్యా, బిన్నా రా" అని ఒకటే ఫోన్లు.

వెళ్లి చూస్తే, డౌన్‌లోడ్ దగ్గర రెండు బటన్లు: ఎక్స్86, ఎక్స్64. "86 పెద్దది కదరా, అదే మంచిదనుకున్నా" అన్నాడు. నవ్వొచ్చింది కానీ ఆయన లెక్కలో తప్పేముంది? ఆ 86 అనేది 1978లో ఇంటెల్ తెచ్చిన 8086 చిప్ పేరులోంచి మిగిలిన తోక. ఇక్కడ దానర్థం 32 బిట్ అని, అంటే కంప్యూటర్ ఒక్క విడతలో పట్టే లెక్క సైజు. 64 బిట్ విండోస్‌కి 32 బిట్ డ్రైవర్ పనికిరాదు. (మామూలు 32 బిట్ ప్రోగ్రాములు మాత్రం నడుస్తాయి, అదింకో తిరకాసు.) కందిపప్పు అమ్ముకునే మనిషికి ఇదంతా ఎందుకురా? తనది ఎన్ని బిట్లో ఆ కంప్యూటర్‌కే తెలుసు. తెలిసినదాన్ని వదిలేసి తెలియనివాణ్ణి అడగడమేంటి?

"వాడేవాళ్లు కాస్తయినా నేర్చుకోవాలి" అని రాశావు. హైదరాబాద్‌లో ఏసీ కింద కూర్చుని ఎన్నైనా చెప్తావులే. అలాగని పూర్తిగా కాదనలేను. పోయిన నెల ఇదే పెదనాన్న, బండి చలానా అంటూ వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, నొక్కాడు. అక్కడ బిట్ల గొడవేం లేదు, అంతా సులువే. తెలియని చోటి నుంచి వచ్చిందని ఫోన్ హెచ్చరిస్తుంటే, దానికీ సరే అనబోయాడు. పెద్దమ్మ ఫోన్ లాక్కుంది. "బండి అమ్మేసి ఏడాదైంది, ఇప్పుడు చలానా ఏంది?" అని.

అందుకే ఈసారి ఆయన భాషలో చెప్పా. "నీ కాటా లోపల ఏముందో నీకు తెలీదు. తూనికలు కొలతల వాళ్ల సీలుందా లేదా అనేది చూస్తావు, అంతే కదా. ఇక్కడా ఎక్కించే ముందు విండోస్ ఒక పెట్టె చూపిస్తుంది, అందులో తయారుచేసినవాళ్ల పేరుంటుంది. పసుపు రంగొచ్చి, పేరు దగ్గర 'అన్‌నోన్' అని ఉంటే ఆగి నాకు ఫోన్ చెయ్."

"సీలున్న కాటాతో మోసం చేసేవాళ్లని నేనెరగనా?" అన్నాడు. ఏం చెప్పమంటావు? నోరు మూసుకుని 64 నొక్కా.

ప్రింటర్ కిర్రుమంది. మొదటి బిల్లు నా పేరుతోనే కొట్టాడు, కిలో కందిపప్పు. డబ్బులు కూడా తీసుకున్నాడురా!

సంక్రాంతికి వస్తే కోవూరు తీసుకెళ్తా, నీ వాదనేదో ఆయనతోనే పెట్టుకో.

నీ
రమణ